రాక్షసుల సీరియల్ డబ్బాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజుల్లో అమెరికాలోని కిరాణా దుకాణాల అరల్లోకి, పొద్దున్నే పాలలో వేసుకుని తినే సీరియల్ డబ్బాల మీద, కొన్ని వింత ముఖాలు వస్తాయి. చాక్లెట్ రంగు రక్తపిశాచి, గులాబీ రంగు రాక్షసుడు, టోపీ పెట్టుకున్న నీలం దయ్యం. పిల్లలు బండిలోంచే చేతులు చాస్తారు. తల్లిదండ్రులు, కొత్తగా వచ్చిన విద్యార్థులు, ఊరి నుంచి మనవలను చూడడానికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు ఈ డబ్బాల గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. నా అభిప్రాయాలూ అక్కడక్కడా కలిశాయి.

వీటిని ఎవరు తయారు చేస్తారు? ఎప్పటి నుంచి ఉన్నాయి?

మినియాపొలిస్ శివారు కేంద్రంగా పనిచేసే జనరల్ మిల్స్ తయారు చేస్తుంది. చీరియోస్ అనే సీరియల్ కూడా ఆ సంస్థదే. 1971లో రెండు రకాలు విడుదలయ్యాయి: చాక్లెట్ రుచితో కౌంట్ చాక్యులా, స్ట్రాబెర్రీ రుచితో ఫ్రాంకెన్ బెర్రీ. అన్నీ కలిపి ‘మాన్‌స్టర్ సీరియల్స్’ అంటారు. మొక్కజొన్న పిండిని ఉడికించి, అచ్చుల గుండా నొక్కి, పొంగించిన చిన్న బిళ్ళలు ఇందులో ప్రధానం. వాటితో పాటు మార్ష్‌మాలో అనే మెత్తటి చక్కెర మిఠాయిని ఎండబెట్టిన ముక్కలు ఉంటాయి. సీరియల్‌లో మార్ష్‌మాలో కలిపే అలవాటు అదే సంస్థ 1964లో తెచ్చిన లక్కీ చార్మ్స్‌తో మొదలైంది.

ఈ బొమ్మల్లో ఎవరు ఎవరు?

కౌంట్ చాక్యులా డ్రాకులాకు వేళాకోళపు రూపం. నెత్తురు తాగాల్సిన కోరలు ముందుపళ్ళలా పొడుచుకొచ్చి, భయపెట్టడం మాని నవ్విస్తాయి. ఫ్రాంకెన్ బెర్రీ ఫ్రాంకెన్‌స్టైన్ కథలోని రాక్షసుడికి వేళాకోళపు రూపం, గులాబీ రంగులో ఉండే భారీకాయుడు. డబ్బాను దగ్గరగా పట్టుకుని చూస్తే వేలిగోళ్ళు కూడా స్ట్రాబెర్రీ పండ్లే. 1970ల ఆరంభంలో బూ బెర్రీ అనే నీలం దయ్యం వీళ్ళతో కలిసింది. నిద్ర చాలని కళ్ళు, చిన్న టోపీ, మెడలో బో టై దాని గుర్తులు. నా ఓటు ఈ దయ్యానికే. మిగిలిన వాళ్ళు మెప్పించాలని తాపత్రయపడుతుంటే ఇది మాత్రం ఎవరు కొన్నా కొనకపోయినా తనకేమీ పట్టనట్టు ఉంటుంది.

నాలుగో రకం 1974 నాటి ఫ్రూట్ బ్రూట్. ఇది తోడేలు మనిషి. సరిగ్గా అమ్ముడుపోక 1980లలో కనుమరుగైంది. దాని స్థానంలో ఆ దశాబ్దం చివర్లో పట్టీలు చుట్టుకున్న ఫ్రూటీ యమ్మీ మమ్మీ వచ్చింది. అదీ కొన్నేళ్ళకే పోయింది. తరువాత చాలా కాలం కొత్తవాళ్ళెవరూ రాలేదు. 2023లో కార్మెల్లా క్రీపర్ వచ్చింది. ఆమె జాంబీ, పాటల రికార్డులు తిప్పే డీజే, ఫ్రాంకెన్ బెర్రీకి వరుసకు చెల్లెలు. ఈ ముఠాలో మొదటి ఆడ బొమ్మ ఆమెదే. రుచి కారమెల్ పూసిన ఆపిల్‌ది.

పాత టీవీ ప్రకటనల్లో వీళ్ళ గొంతులు ఎక్కడో విన్నట్టు ఉంటాయి. ఎందుకు?

అవి పాత హాలీవుడ్ భయానక నటులకు అనుకరణలు. చాక్యులా గొంతు బేలా లుగోసిని, ఫ్రాంకెన్ బెర్రీ గొంతు బోరిస్ కార్లాఫ్‌ను, బూ బెర్రీ నీరసపు గొంతు పీటర్ లారీని గుర్తు చేస్తాయి. గొంతులు ఇచ్చినవాళ్ళు వరుసగా జేమ్స్ డూకాస్, బాబ్ మెక్‌ఫాడెన్, పాల్ ఫ్రీస్.

ప్రకటనల కథ దాదాపు ఎప్పుడూ ఒకటే. నా సీరియల్ గొప్పదంటే నాదే గొప్పదని రక్తపిశాచి, రాక్షసుడు వాదించుకుంటారు. ఇంతలో ఏదో అల్పమైన దాన్ని చూసి ఇద్దరూ హడలిపోతారు. పిల్లల మనసు తెలిసినవాళ్ళు రాసిన కథ అది. చీకటికి జడిసే పిల్లవాడికి తనకంటే పిరికి రాక్షసుడు దొరికితే అంతకన్నా ధైర్యం ఏముంటుంది? ఆ ధైర్యాన్ని డబ్బాలో పోసి అమ్మడం వేరే సంగతి.

ఏడాది పొడవునా ఎందుకు దొరకవు?

ఒకప్పుడు దొరికేవి. 2010 నుంచి, అక్టోబరు చివర్లో దయ్యాల వేషాలు వేసే హాలోవీన్ పండుగకు ముందు కొన్ని వారాలు మాత్రమే అమ్ముతున్నారు. మూడు రకాలకు ఏడాదంతా అరల్లో చోటు సంపాదించడం కష్టం. ఏడాదికోసారి వస్తే జనమే వెతుక్కుంటూ వస్తారు, పత్రికలు ఊరికే రాసిపెడతాయి. 2013లో పాత తోడేలును, మమ్మీని కూడా తెచ్చి ఐదుగురినీ ఒకేసారి అమ్మారు. 2014లో డీసీ కామిక్స్ అనే బొమ్మల పుస్తకాల సంస్థ చిత్రకారులతో డబ్బాలు గీయించారు. 2021లో యాభై ఏళ్ళ సందర్భంగా అందరినీ కలిపి ‘మాన్‌స్టర్ మాష్’ తెచ్చారు. 2022లో కాజ్ అనే ప్రసిద్ధ కళాకారుడు డబ్బాల బొమ్మలు మార్చాడు. లోపలి మొక్కజొన్న బిళ్ళలు పెద్దగా మారకపోయినా ఏటా ఏదో ఒక కొత్త కబురు ఉంటుంది.

నిజానికి ఇది మంచికే జరిగిందని నా లెక్క. సంక్రాంతికి అరిసెలు తిన్నట్టు దీన్ని దాని పండుగకు తిని ఊరుకోవచ్చు. ఏ ఇంట్లోనూ ఏడాది పొడవునా పొద్దున్నే అరిసెలు పెట్టరు కదా.

మేము శాకాహారులం. పిల్లలకు పెట్టవచ్చా?

తెలుగువాళ్ళ నుంచి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు: కుదరదు.

మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది. ఆ సాగే గుణం దాని వల్లే వస్తుంది. పందులు, పశువుల చర్మం, ఎముకల నుంచి తీసిన కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో జెలటిన్ తయారవుతుంది. అమెరికా డబ్బా మీద ‘జెలటిన్’ అని మాత్రమే రాస్తే సరిపోతుంది. అది ఏ జంతువుదో చెప్పాల్సిన పని లేదు. కాబట్టి హలాల్ పాటించేవారికి, పంది మాంసమో గొడ్డు మాంసమో ముట్టనివారికి కూడా ఇదే చిక్కు.

కొత్తగా వచ్చినవారు పొరబడేది ఇక్కడే. మన దేశంలో ప్రతి పొట్లం మీద ఆకుపచ్చ చుక్కో, గోధుమ రంగు త్రిభుజమో ఉంటుంది. ఒక్క చూపుతో తేలిపోతుంది. అమెరికాలో ప్రభుత్వం పెట్టిన అలాంటి గుర్తు ఏదీ లేదు. చాక్లెట్ సీరియల్‌లో మాంసానికి సంబంధించినది ఏముంటుందిలే అనుకుని కొనేస్తారు. డబ్బా పక్కవైపు చిన్న అక్షరాల్లో, చక్కెర, మొక్కజొన్న సిరప్, ఉప్పు తరువాత ఎక్కడో ఆ మాట ఉంటుంది. చదవడానికి కళ్ళజోడు అవసరమైనా సరే, అటువైపు తిప్పి చూడండి.

మార్ష్‌మాలోలు ఏరి పక్కన పెడితే సరిపోతుందా అని కూడా అడుగుతారు. వాటి పొడి బిళ్ళలకు అంటుకునే ఉంటుంది. ఎంత పట్టింపు అన్నది మీ ఇంటి ఇష్టం. అదే సంస్థ చేసే కోకో పఫ్స్‌లో మార్ష్‌మాలోలు లేవు, జెలటిన్ కూడా లేదు. అయితే అమెరికా సీరియల్స్‌లో కలిపే విటమిన్ డి3 సాధారణంగా గొర్రె ఉన్ని నుంచి తీసిన కొవ్వుతో చేస్తారు. పాలు తాగే శాకాహారులు చాలామంది దీన్ని పట్టించుకోరు. పాలు కూడా ముట్టని వీగన్లు పట్టించుకుంటారు.

చక్కెర ఎంత ఉంటుంది?

బరువులో దాదాపు మూడో వంతు. డబ్బా మీది కొలతలు అప్పుడప్పుడూ మారతాయి కానీ ఈ నిష్పత్తి అటూ ఇటూగా అక్కడే ఉంటుంది.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది కొలత. డబ్బా చెప్పే ఒక సర్వింగు, అంటే ఒకసారి తినే కొలత, గిన్నెలో పోస్తే తక్కువగానే కనిపిస్తుంది. పదేళ్ళ పిల్లవాడు తనంతట తాను పోసుకుంటే అంతకంటే ఎక్కువే పోసుకుంటాడు. అరవై గ్రాములు తిన్నాడనుకుంటే అందులో చక్కెర ఇరవై గ్రాములు, అంటే సుమారు ఐదు చెంచాలు. రెండేళ్ళు దాటిన పిల్లలకు అదనంగా కలిపిన చక్కెర రోజు మొత్తం మీద 25 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. బడి బస్సు ఎక్కకముందే ఆ రోజు కోటా చాలావరకు అయిపోయినట్టే. రెండేళ్ళ లోపు పిల్లలకు అదనపు చక్కెర అసలే వద్దంటారు.

రెండో మెలిక శాతం. డబ్బా మీద చక్కెర పక్కన ఉండే శాతాన్ని రోజుకు 50 గ్రాముల లెక్కన, 2000 కేలరీలు తినే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేస్తారు. డబ్బా కోసం మారాం చేస్తున్నది ఆ మనిషి కాదు.

కంపెనీ ఏమీ చేయలేదని కాదు. పిల్లలకు ప్రకటనలు ఇచ్చే సీరియల్స్‌లో సర్వింగుకు చక్కెరను పది గ్రాముల లోపుకు తెస్తామని జనరల్ మిల్స్ 2009లో ప్రకటించింది, కొంత తగ్గించింది కూడా. వేరే కంపెనీల తియ్యటి సీరియల్స్ కొన్నిటిలో సగం బరువు చక్కెరే ఉందని 2008లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తేల్చింది. వాటితో పోలిస్తే మన రాక్షసులు కాస్త నయం.

విటమిన్లు, ఇనుము ఉన్నాయని రాశారు కదా?

ఉన్నాయి. బయటి నుంచి కలిపారు. అందువల్ల ఇది మందూ కాదు, టిఫినూ కాదు. దోసె పిండిలో విటమిన్ మాత్ర పొడి చేసి కలిపి, మా దోసెలో ఇన్ని విటమిన్లు ఉన్నాయని గోడ మీద రాసుకుంటే ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

ఫ్రాంకెన్ బెర్రీ తిన్న మర్నాడు పిల్లవాడి మలం గులాబీ రంగులో వచ్చింది. ప్రమాదమా?

దీనికి వైద్య సాహిత్యంలో ఒక పేరే ఉంది: ఫ్రాంకెన్ బెర్రీ మలం. 1972లో ‘పీడియాట్రిక్స్’ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక నివేదిక వచ్చింది. మలంలో రక్తం పడుతోందన్న అనుమానంతో పన్నెండేళ్ళ అబ్బాయిని ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులు ఉంచి పరీక్షలన్నీ చేశారు. ఏ జబ్బూ కనబడలేదు. చివరికి తల్లిని అడిగితే, ఆ ముందు రోజుల్లో వాడు కొత్త సీరియల్ తిన్నాడని తేలింది. డాక్టర్లు ఊరుకోలేదు. అదే సీరియల్ నాలుగు గిన్నెలు తినిపించి చూశారు. మళ్ళీ అదే రంగు. చూడడానికి స్ట్రాబెర్రీ ఐస్‌క్రీమ్‌లా ఉందని నివేదికలో రాసుకున్నారు. ఆ మాట చదివాక ఆ ఐస్‌క్రీమ్ తినడానికి కొన్నాళ్ళు మనసొప్పదు.

కారణం ఎరుపు రంగు. అప్పటి సీరియల్‌లో వాడిన రంగులు శరీరానికి సరిగ్గా ఇంకక, వచ్చినవి వచ్చినట్టే బయటికి పోయాయి. వాటిలో ఒకటైన రెడ్ నంబర్ 2ను అమెరికా ప్రభుత్వం 1976లో నిషేధించింది. సీరియల్ రంగు కూడా ఆ తరువాత మారింది. నీలం రంగు ఎక్కువగా తింటే మలం ఆకుపచ్చగా రావడం కూడా మామూలే. ఇవేవీ జబ్బులు కావు. ఎరుపుతో పాటు కడుపునొప్పి, జ్వరం, నీరసం ఉన్నా, సీరియల్ మానేశాక కూడా ఆ రంగు పోకపోయినా మాత్రం సీరియల్ మీదికి నెట్టేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇప్పుడూ కృత్రిమ రంగులేనా?

ఇది మారుతున్న సంగతి. రెడ్ నంబర్ 3 అనే కృత్రిమ ఎరుపు రంగు వాడకానికి ఇచ్చిన అనుమతిని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 జనవరిలో రద్దు చేసి, ఆహార కంపెనీలకు 2027 జనవరి వరకు గడువు ఇచ్చింది. అమెరికాలో అమ్మే తన సీరియల్స్ అన్నిటి నుంచి కృత్రిమ రంగులను 2026 వేసవి కల్లా తీసేస్తామని జనరల్ మిల్స్ 2025 జూన్‌లో ప్రకటించింది. మీ చేతిలో ఉన్న డబ్బా ఎప్పటిదన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది కనుక పదార్థాల పట్టీ చూసుకోండి. రంగు పోయినంత మాత్రాన చక్కెర పోదని కూడా గుర్తుంచుకోండి.

1987లో ఏదో గొడవ జరిగిందట, నిజమేనా?

నిజమే. ఆ ఏడాది చాక్యులా డబ్బా మీద 1931 నాటి డ్రాకులా చిత్రంలోని బేలా లుగోసి బొమ్మ వేశారు. ఆయన మెడలోని పతకం యూదుల ఆరు కోణాల నక్షత్రంలా కనిపించింది. రక్తపిశాచి మెడలో తమ మత చిహ్నమా అని యూదుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. యూదులు క్రైస్తవ పిల్లల నెత్తురును మత కర్మల్లో వాడతారన్న పుకారుతో యూరప్‌లో శతాబ్దాల పాటు వాళ్ళను చంపిన చరిత్ర తెలిస్తే ఆ నొప్పి అర్థమవుతుంది. కావాలని చేసింది కాదని చెప్పి కంపెనీ డబ్బా బొమ్మ మార్చింది.

డబ్బాల మీది బొమ్మలు పిల్లల కళ్ళలోకి చూసేలా కిందికి చూపు పెట్టి గీస్తారట?

కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకుల పేరుతో 2014లో ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది. బొమ్మల చూపు సగటున 9.6 డిగ్రీలు కిందికి ఉంటుందని అందులోని లెక్క. వినడానికి బాగుంటుంది. కానీ బొమ్మ చాలావరకు గిన్నెలోని సీరియల్‌ను చూస్తుంది, గిన్నె కింద ఉంటుంది. ఆ ప్రయోగశాలను నడిపిన ఆచార్యుడి ఇతర పరిశోధనలు ఎన్నిటినో ప్రచురించిన పత్రికలే తరువాత వెనక్కి తీసుకున్నాయి. అక్రమాలు జరిగాయని విశ్వవిద్యాలయం 2018లో తేల్చడంతో ఆయన పదవి వదిలారు. పిల్లల సీరియల్స్‌ను కింది అరల్లో పేర్చడం మాత్రం మీ కళ్ళతో మీరే చూడవచ్చు. దానికి డిగ్రీల లెక్క అక్కర్లేదు.

పొద్దున్నే మిఠాయి తినే ఈ అలవాటు అసలు ఎలా వచ్చింది?

వింత ఏమిటంటే, సీరియల్ పథ్యంగా పుట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్ ఒక ఆరోగ్యాశ్రమం నడిపేవాడు. ఆయన శాకాహారి. చప్పిడి తిండి తింటే దేహం, మనసు రెండూ అదుపులో ఉంటాయని నమ్మేవాడు. తమ్ముడు విల్ కీత్‌కు వ్యాపారం తెలుసు. కార్న్ ఫ్లేక్స్‌కు చక్కెర చేర్చాడు, అన్నకు నచ్చలేదు, 1906లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అన్నదమ్ములు కోర్టుల దాకా వెళ్ళారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత చక్కెర పూత పూసిన రకాలు వెల్లువెత్తాయి. 1952లో కెల్లాగ్స్ ‘షుగర్ ఫ్రాస్టెడ్ ఫ్లేక్స్’ తెచ్చి, టోనీ అనే పులిని నిలబెట్టింది. టీవీ ఇళ్ళలోకి వచ్చిన కాలం అది. కార్టూన్ల మధ్య కార్టూన్ బొమ్మే వచ్చి సరుకు అమ్మితే, ఏది కథో ఏది ప్రకటనో ఐదేళ్ళ పిల్లకు ఎలా తెలుస్తుంది?

1970లో రాబర్ట్ చోట్ అనే ఇంజనీరు అమెరికా సెనెట్ కమిటీ ముందు అరవై సీరియల్స్ పట్టిక పెట్టి, వాటిలో నలభైలో కేలరీలే తప్ప పోషకాలు లేవని చెప్పాడు. పెద్ద దుమారం రేగింది. కంపెనీలు గబగబా విటమిన్లు కలపడం మొదలుపెట్టాయి. మన చాక్యులా, ఫ్రాంకెన్ బెర్రీ ఆ మరుసటి ఏడాదే దిగారు. చక్కెర సరుకుల ప్రకటనలు పిల్లలకు చూపించకుండా ఆపాలని 1978లో వ్యాపార వ్యవహారాలను చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రయత్నించింది. జనాన్ని పెంచే దాది అవతారం ఎత్తిందంటూ పత్రికలు ఎకసెక్కాలాడాయి. 1980లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఆ సంస్థ చేతులు కట్టేసింది. ఆ తరువాత కంపెనీలు చేసిన పని చూడండి: డబ్బాల మీది పేర్లలోంచి ‘షుగర్’ అన్న మాటను తీసేశాయి. షుగర్ ఫ్రాస్టెడ్ ఫ్లేక్స్ వట్టి ఫ్రాస్టెడ్ ఫ్లేక్స్ అయింది, షుగర్ స్మాక్స్ హనీ స్మాక్స్ అయింది. పేరులోంచి చక్కెర పోయింది, గిన్నెలోంచి పోలేదు.

ఇలాంటి బొమ్మలను నిషేధించిన దేశాలు ఉన్నాయా?

ఉన్నాయి. చిలీలో 2016లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం చక్కెర ఎక్కువైన సరుకుల మీద నల్లటి హెచ్చరిక ముద్ర ఉండాలి, పిల్లలను ఆకర్షించే బొమ్మలు ఉండకూడదు. టోనీ పులి అక్కడి డబ్బాల మీంచి దిగిపోయింది. మెక్సికో కూడా 2020 నుంచి అదే దారి పట్టింది. అమెరికాలో అలాంటి చట్టం లేదు.

వేడి పాలు పోయవచ్చా?

పోయవచ్చు కానీ బాగుండదు. ఇవి చల్లటి పాల కోసం చేసినవి. చల్లటి పాలలో బిళ్ళలు కొద్ది నిమిషాలు కరకరలాడతాయి, ఎండు మార్ష్‌మాలోలు అంచుల దగ్గర మెత్తబడి పళ్ళకు కొద్దిగా అతుక్కుంటాయి, పాలు మెల్లగా చాక్లెట్ రంగుకో గులాబీ రంగుకో తిరుగుతాయి. పిల్లలకు కావలసింది చివర్లో మిగిలే ఆ పాలే. వేడి పాలు పోస్తే మార్ష్‌మాలో కరిగిపోయి, బిళ్ళలు జావ అవుతాయి. 1990లలో కెల్లాగ్స్ మన దేశానికి వచ్చినప్పుడు మొదట దెబ్బతినడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. మనం వేడి పాలు పోశాం, ఫ్లేక్స్ మెత్తబడ్డాయి.

ఇండియాలో దొరుకుతాయా?

ఈ రాక్షసులు మామూలు దుకాణాల్లో దొరకరు. విదేశీ సరుకులు అమ్మేవాళ్ళ దగ్గర అప్పుడప్పుడూ కనిపించినా ధర వాచిపోతుంది, గడువు దగ్గర పడి ఉంటుంది. తియ్యటి చాక్లెట్ సీరియల్ అంటే మన పిల్లలకు తెలిసింది ఎలుగుబంటి బొమ్మ ఉండే కెల్లాగ్స్ చాకోస్. ఆ కంపెనీకి తిరుపతి జిల్లా శ్రీసిటీలో కర్మాగారం కూడా ఉంది. చాకోస్ డబ్బా వెనక్కి తిప్పి చక్కెర అంకె చూడండి, పైన చెప్పిన లెక్కే వేసుకోండి.

ఊరికి వెళ్ళేటప్పుడు బంధువుల పిల్లలకు తీసుకెళ్ళవచ్చా?

తీసుకెళ్ళవచ్చు, కానీ జెలటిన్ సంగతి ముందే చెప్పండి. పూజ గదిలో నైవేద్యంగా పెట్టాక చెబితే పెద్దవాళ్ళు బాధపడతారు. పెట్టెలో చోటు చాలకపోతే అట్టడబ్బాను మడిచి పక్కన పెట్టి, లోపలి సంచిని మాత్రం సర్దుకోండి. పిల్లలకు ముందు కావలసింది బొమ్మే కనుక ఆ అట్టను పారేయకండి.

పాత డబ్బాలకు విలువ ఉందా?

1970ల నాటివి సేకరించేవాళ్ళు ఉన్నారు. నిరుటి డబ్బాకు మాత్రం పాత కాగితాల ధరే.

తెరిచాక ఎన్నాళ్ళు ఉంటుంది?

లోపలి సంచి మూతి గట్టిగా మడిచి, గాలి చొరబడని డబ్బాలో పెడితే కొన్ని వారాలు కరకరలాడుతుంది. హైదరాబాద్ వానాకాలంలోనో, విశాఖ ఉక్కపోతలోనో తెరిచి ఉంచితే ఒక పూటలో మెత్తబడుతుంది. మార్ష్‌మాలోలు మాత్రం ఎంత పాతబడ్డా పిల్లలు ముందు వాటినే ఏరుకు తింటారు. వారం తిరిగేసరికి డబ్బాలో వట్టి బిళ్ళలే మిగిలితే కంపెనీ మోసం చేసిందని అనుకోకండి.